దావత్‌కు అనుమతి అక్కరలేదు

నిజాం సర్కారువారి ఆబ్కారీ శాఖలో నేను చేసిన కొలువంతటిలో పైఅధికారులు నన్ను సంజాయిషీ అడిగింది ఒక్కసారే. దొంగసారాను చూసీ చూడనట్లు వదిలినందుకు కాదు. ఎవరివద్దనైనా చేయి చాచినందుకు అంతకన్నా కాదు. సర్కారువారి సభలో ఒక ముసలివాడు తాను తిన్న ఒక కూర గురించి మాట్లాడుతుంటే ఆపనందుకు. కొత్తగా కొలువులో అడుగుపెట్టిన యువకులు నా వద్దకు వచ్చి క్రమశిక్షణను గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. ఆ మాటలు నా దగ్గర నాలుగు కాదు, చాలా ఉన్నవి. వాటికన్నా ముందు ఈ వృత్తాంతం వినడం మేలని నా అభిప్రాయం.

రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న కాలంలో నన్ను బాన్సువాడకు దారోగాగా వేశారు. ఆబ్కారీ దారోగా అంటే ఏమిటో నేటివారికి తెలియదు. కల్లు ఎక్కడ తీస్తున్నారు, ఇప్పసారా ఎక్కడ కాస్తున్నారు, అందులో ఏమి కలుపుతున్నారు అని కనిపెట్టి ఉండే ఉద్యోగి. కనిపెట్టడమంటే తిరగడం. నెలలో సగం బండి మీదే గడిచేది. దీనిని దౌరా అనేవారు. నాకు దౌరా అంటే ప్రాణం. ఈ సంగతి నా ముఖం చూసి ఎవరూ గ్రహించలేకపోయేవారు. నేనూ గ్రహించనిచ్చేవాడిని కాను.

బిచ్కుంద వైపు వెళ్తే నల్లరేగడి నేలలు, మాటల మధ్య మరాఠీ, చేతితో తట్టిన జొన్నరొట్టె, దాని మీద వెల్లుల్లి కారం. పిట్లం వైపు వెళ్తే పచ్చిపులుసు, సర్వపిండి. బీర్కూరు వైపు కొత్త కాలువ నీళ్ళు, కంటికి ఆనినంత వరి, చెరకు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొని స్థిరపడిన రైతులు, వారి ఇళ్ళలో ఆవకాయ జాడీలు. మంజీర ఒడ్డున దిగితే చింతపండు పులుసులో చేపలు. నేను మితభాషిని. మితాహారిని మాత్రం కాను.

ఇక మద్యం విషయం. రుచి చూడడం నా ఉద్యోగంలో భాగం. కల్లులో సున్నం ఎక్కువైనా, సారాలో నీళ్ళు ఎక్కువైనా నాలుకే చెప్పాలి. అటువంటి నాలుకకు బాన్సువాడలో ఒక విచిత్రం ఎదురైంది. ఊరి బయట ఒక మోటబావి గట్టున పందిరి వేసి ఒక ముసలి రైతు ద్రాక్షతీగ పెంచేవాడు. దౌలతాబాదు నుంచి తెచ్చి నాటిన తీగ. వేసవి మొదట్లో పండ్లు కోసి, మట్టికాగులలో పిసికి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, గడ్డివామి నీడలో ఉంచేవాడు. దానిని అతడు అంగూరీ అనేవాడు. కల్లు నాలుక మీద గంతులు వేస్తుంది. ఇప్పసారా గొంతు పట్టుకుంటుంది. ఈ అంగూరీ మర్యాదస్తుడిలా లోపలికి వచ్చి, కూర్చుని, కాసేపటి తరువాత మాట్లాడేది.

ఆ ముసలి రైతు మొదటి పెద్ద యుద్ధంలో సర్కారు రిసాలాతో, అంటే గుర్రపు దండుతో, సముద్రం దాటి మిసిరు, షాము దేశాలకు, నేటి మాటలో ఈజిప్టు, సిరియాలకు, వెళ్ళి వచ్చినవాడు. గుర్రాలను చూసుకునే సాయీసు కొలువు. ద్రాక్షను పులియబెట్టడం అక్కడే నేర్చాడు. ఊరంతా అతడిని రిసాలా మామ అనేది. నేను కూడా అట్లాగే పిలిచేవాడిని. నా ఉద్యోగానికి అది తగదని తెలిసీ.

అతడు దానిని అమ్మడు. ఇదే నాకు వచ్చిన చిక్కు. మా నిబంధనలలో కల్లుకు ఒక ప్రకరణం, సారాకు ఒక ప్రకరణం, ఓడ మీద వచ్చే విలాయతీ మద్యానికి ఒక ప్రకరణం ఉన్నవి. ఒక రైతు తన గట్టున కాసిన ద్రాక్షను తన కాగులో పులియబెట్టి, అమ్మకుండా, వచ్చినవారికి పోస్తే దానినేమనాలో ఎక్కడా లేదు. లేనిదానిని ఊహించి కేసు రాయడం నా స్వభావం కాదు. ఏమి చేయవలెనో సెలవిప్పించమని పైకి విన్నవించుకున్నాను. జవాబు వచ్చేదాకా ఆ కాగుల మీద కన్ను వేసి ఉంచడం నా విధి. కన్ను వేసి ఉంచాలంటే అతడు పిలిచినప్పుడు వెళ్ళక తప్పదు. వెళ్ళినచోట తినకపోవడం అమర్యాద. ఈ తర్కంలో లోపమెక్కడ ఉన్నదో నాకు నేటికీ కనిపించడం లేదు.

యుద్ధం మా తాలూకాకు ఫౌజు భర్తీ రూపంలో వచ్చింది. వారపు సంతలో ఒక బల్ల, ఒక కొలతల కర్ర, ఒక డాక్టరు. ఎత్తు, ఛాతీ కొలిచి పేర్లు రాసుకోవడం. బడి ప్రధానోపాధ్యాయునికి ఇది నచ్చలేదు. సన్నని మనిషి, ఎప్పుడూ షేర్వానీ, గుండీలన్నీ పెట్టుకునేవాడు. శాంతి అనే మాట పలికినప్పుడు ఆయన కంఠం కొద్దిగా వణికేది. ఊరిలో యుద్ధానికి వ్యతిరేకంగా ఒక శాంతిసభ జరపాలని తహసీలుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ రోజులలో పదిమంది కూడి సభ అంటే ముందుగా అనుమతి కావాలి. అర్జీ ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా తిరిగి వచ్చింది.

ఆయన నేరుగా నా కచేరీకి వచ్చాడు.

"దారోగా సాబ్, మీకు కాయిదా కానూనులన్నీ కంఠస్థం గదా. ఒక్క సంగతి చెప్పండి. మనిషి ఇంట్లో దావత్ పెట్టుకుంటే ఎవరి అనుమతి కావాలె?"

"ఎవరిదీ అక్కరలేదు."

"దావత్‌కు వచ్చినోళ్ళు మాట్లాడుకోవచ్చునా?"

"నోట్లో ముద్ద లేనప్పుడు మాట్లాడుకోవచ్చు," అన్నాను.

ఆయన షేర్వానీ పై గుండీ ఒకటి విప్పి, నవ్వుతూ కూర్చున్నాడు. ఆ గుండీ విప్పగా చూడడం నాకు అదే మొదలు.

అట్లా మొదలైనవి మా దావత్‌లు. జుమ్మారోజు, అంటే శుక్రవారం, సెలవు. ఆ రోజు ఉదయం రిసాలా మామ తన బండి కట్టేవాడు. వెనుక గడ్డిలో ఒక అంగూరీ కాగు. ఒక వారం బీర్కూరు, ఒక వారం పిట్లం, ఒక వారం బిచ్కుంద. ఊరిలో ఒక రైతు వంట చేయించేవాడు. మిగిలినవారు తలా ఒక కూర తెచ్చేవారు. నేను సర్కారు మనిషిని కనుక నోరు విప్పనని ముందే చెప్పాను. అయితే వరుసక్రమం మాత్రం నా చేతిలో పెట్టారు. ముందు భోజనం. తరువాత తలా ఒక చిన్న గిన్నెడు అంగూరీ, రెండవది అడగరాదు. ఆపైన రిసాలా మామ తన యాత్ర చెబుతాడు. అన్నిటికన్నా చివర ప్రధానోపాధ్యాయుడు శాంతిని గురించి ప్రసంగిస్తాడు. ముఖ్యమైనది చివరన రావడమే సభామర్యాద అని నా నమ్మకం.

బీర్కూరులో మా మొదటి ఆతిథేయి గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతు. ఆయన ఆకులో అన్నం కొండలా పోయించి, మధ్యలో గుంట చేసి, నెయ్యి ఒంపించి, "దారోగాగారూ, మొహమాటపడకండి. ఇంకాస్త వేయించుకోండి," అంటుంటే, పక్కన కూర్చున్న రిసాలా మామ నిట్టూర్చాడు.

"ఏంది పటేలా, అన్నం పెడ్తున్నవా, కుప్ప పోస్తున్నవా? కోతకు మమ్ములనే పిలుస్తవా ఏంది?"

"నీ షాము దేశంలో ఇట్టా పెట్టారా ఎవరైనా?"

"పెట్టిండ్రు. విను మరి."

ఇక మొదలయ్యేది. నేను ఎందరో వక్తలను విన్నాను. భోజనం గురించి ఆ ముసలివాడు చెప్పినట్లు చెప్పగలవారిని ఎరుగను. నేల మీద పరిచిన చాప, వేడి రాయి మీద ఉబ్బే రొట్టె, తేనె కారే అంజూర్ పండ్లు, ఉప్పునీటిలో ఊరిన జైతూన్ అనే ఆలివ్ కాయలు, ద్రాక్షపందిరి కింద చల్లని జాడీ. చేతితో గాలిలో రొట్టె తుంచేవాడు. మా అందరి చేతులూ కదిలేవి.

"గా ఇంట్ల ఒక ముసలవ్వ ఉండె. ఆమె కొడుకు అవతలి ఫౌజుల ఉండె. మా మీద బందూకు వట్టినోడు. నేను గా కొడుకు జాగల కూసొని తిన్న. ఒక రొట్టె తిన్నంక అవ్వ ఇంకోటి ఏసింది. ఆమె కొడుకును సంపనీకి సముద్రం దాటి వొయినోణ్ణి నేను. నాకు ఇంకో రొట్టె ఏసింది. గిదెక్కడి యుద్ధమయ్యా?"

ఆపైన వెనుక నుంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"రొట్టెలకు ఏం కూర మామా?"

అతడు ఆగేవాడు కాదు. కూర చెప్పేవాడు. ఓడ చెప్పేవాడు, ఎగిరే చేపలు చెప్పేవాడు, సముద్రంలో సూర్యుడు మునగడం చెప్పేవాడు. ప్రధానోపాధ్యాయుడు లేచి గొంతు సవరించుకునే వేళకు ఎండ వాలి, కడుపులు నిండి, సగంమంది గోడలకు చేరగిలబడి కళ్ళు మూసుకొని ఉండేవారు. ఆయన మానవజాతి సోదరత్వం గురించి చక్కని భాషలో చెప్పేవాడు. గురక కూడా వినిపించేది. ఆయన దానిని శాంతికి నిదర్శనంగా తీసుకునేంత సాత్వికుడు.

ఎండాకాలమంతా ఇట్లా సాగింది. పని బాగా జరుగుతున్నదని ముగ్గురమూ నమ్మాము. వానలు మొదలవుతుండగా ఒక రోజు జిల్లా నుంచి భర్తీ అఫ్సరు నా కచేరీకి స్వయంగా వచ్చి, నా చేయి పట్టుకొని ఊపాడు. లావుపాటి, కలుపుగోలు మనిషి.

"దారోగా సాబ్, మీకు నా సలాములు. జిల్లా మొత్తంలో మీ తాలూకా కుర్రవాళ్ళే ఉత్సాహంగా వస్తున్నారు. బీర్కూరు, పిట్లం, బిచ్కుంద. కారణమేమని విచారించాను. ఎవరో రిసాలా ముసలాయన ఊరూరా దావత్‌లు పెట్టి విదేశయాత్ర వర్ణిస్తున్నాడట గదా! మీరు వెంట ఉండి వ్యవస్థ చూస్తున్నారట. ఇటువంటి దేశసేవ నేను ఎక్కడా చూడలేదు."

నేను కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నిలబడవలెనో కూర్చోవలెనో తెలియని స్థితి నాకు ఉద్యోగంలో అంతకు ముందు రాలేదు.

ఆయన వెళ్ళిన కొంతసేపటికే రిసాలా మామ వచ్చాడు. తలపాగా చేతిలో ఉంది. భర్తీకి పేరు ఇచ్చినవారిలో అతని అల్లుడు ఉన్నాడు.

ఆ అల్లుడు ఇల్లుటం వచ్చినవాడు, అంటే అత్తవారింట ఉండి వ్యవసాయం చూసుకునేవాడు. రిసాలా మామకు ఒక్కతే కూతురు. మరి సంతానం లేదు. అల్లుడు బలమైన మనిషి, మాటకారి. మోటబావి, ద్రాక్షపందిరి, వారానికొకసారి సంత. ఇంతే అతని ప్రపంచం. ఇల్లుటపు అల్లుడని తోటివారు ఎగతాళి చేసేవారు. దావత్‌లకు బండి తోలింది కూడా అతడే. ప్రతి కథా అతడు మొదటి వరుసలో కూర్చొని విన్నాడు. వచ్చే సంతరోజు కొలతలు. అందులో నెగ్గితే అదే సాయంత్రం లారీలో సికిందరాబాదు.

నేను, ప్రధానోపాధ్యాయుడు కలిసి బావి దగ్గరికి వెళ్ళాము. మామా అల్లుళ్ళ వాదం అప్పటికే వేడి మీద ఉంది.

"ఏందయ్యా అల్లుడా, ఇన్నొద్దులు నేను చెప్పింది ఏంది? నువ్వు చేస్తున్నది ఏంది?"

"నువ్వు చెప్పిందే చేస్తున్న మామా. అంజూర్లు తింట. జైతూన్ కాయలు తింట. ఓడ ఎక్కుత. నువ్వు వోయి రాలేదా? నేను వోతె తప్పొచ్చిందా?"

"యుద్ధం వద్దని గదనయ్యా చెప్పింది!"

"గది చివర్ల చెప్పేటోళ్ళు. గప్పటికి అందరు పండుకునేటోళ్ళు," అని అతడు ప్రధానోపాధ్యాయుని వైపు చూసి, "తప్పు వట్టకుండ్రి పంతులూ. మీరు మంచిగనే చెప్పిండ్రు. గని మీ ముచ్చట్ల ఓడ లేదు, పండు లేదు," అన్నాడు.

ప్రధానోపాధ్యాయుడు షేర్వానీ పై గుండీ పెట్టుకున్నాడు. నేను ప్రసంగాల వరుసక్రమం గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను.

అతని భార్య మోట దగ్గర కడవ నింపుకుంటూ అంతా విన్నది. ఏడవలేదు, అరవలేదు. "పోతనంటే పోనీ నాయినా. నీ అంగూరీ తాగినోళ్ళకు ఎవ్వలకు కాలు నిలుస్తది?" అని కడవ ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆ మాట ముసలివాడికి తగిలినంతగా అల్లుడి మాటలు తగలలేదు. అతడు గట్టు మీద కూలబడి, చాలాసేపు తీగ మొదలును చూస్తూ ఉండిపోయాడు.

సంతకు ముందురోజు భర్తీ అఫ్సరు మళ్ళీ బాన్సువాడలో దిగాడు. నన్ను వెంటబెట్టుకొని రిసాలా మామ ఇంటికి తానే వెళ్ళి, అంగూరీ రెండు గిన్నెలు పుచ్చుకొని, మూడవది అడిగి పోయించుకొని, ఒక ప్రతిపాదన చేశాడు. రేపు సంతలో సర్కారువారి సభ. తహసీలు అనుమతి సర్వం సిద్ధం. ముసలాయన వేదిక ఎక్కి, దావత్‌లలో చెప్పే కథనే జనానికి వినిపించాలి. ఆపైన కొలతలు మొదలవుతాయి.

రిసాలా మామ నా వైపు చూశాడు. "ఏం జెయ్యమంటవు సాబ్?"

"సర్కారు పిలిచినప్పుడు వెళ్ళడం పద్ధతి. నీకు తోచింది మాట్లాడు," అన్నాను. ఆ మాటే తరువాత నా సంజాయిషీకి మూలమైంది.

సంతరోజు జనం విరగబడి వచ్చారు. చిన్నవాన కురిసి వెలిసింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకొని పక్కన కూర్చున్నారు. బల్ల ముందు యువకుల వరుస. నాలుగో ఐదో మనిషి మా రిసాలా మామ అల్లుడు. కొత్త ధోవతి కట్టుకున్నాడు. భర్తీ అఫ్సరు రిసాలా మామ భుజం తట్టి, "ప్రపంచం చూసి వచ్చిన పెద్దమనిషి. ఫౌజులో ఏమేమి తిన్నాడో, ఏమేమి చూశాడో వినండి," అని కూర్చున్నాడు. ప్రధానోపాధ్యాయుడు నా పక్కన నిలబడ్డాడు. షేర్వానీ గుండీలన్నీ పెట్టి ఉన్నవి.

"అంగూరీ ముచ్చట చెప్పు మామా!" అని ఎవరో అరిచారు.

"అంజూర్లు!" అని మరొకరు.

"అవి మీకు ఎరికనే," అన్నాడు ముసలివాడు. "ఇయ్యాల ఇంకో కూర ముచ్చట చెప్త. గిది ఎన్నడు చెప్పలే."

జనం సర్దుకున్నారు. భోజనం సంగతి అనగానే వారి ముఖాలు వికసించడం నేను చూశాను. నా ముఖమూ అట్లాగే ఉండి ఉంటుంది.

"ఒక ఎండల ఊరు. నీళ్ళు లేవు. తొవ్వ తెగింది. ఎనుకకెల్లి రావలసిన తిండిసామాను రాలే. మా నోట్ల ఉమ్మి గూడ ఎండింది. గప్పుడు వండిండ్రు. ఉప్పు లేదు, కారం లేదు. మంట మీద పెట్టి కాల్చిండ్రు. మనిషికి అరచెయ్యంత వచ్చింది."

"గొర్రెదా మామా?"

"కాదు."

"ఒంటెదా?"

"కాదు బిడ్డా. నా గుర్రం."

చేటలలో ఆకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది.

"కాలుకు గుండు తాకింది దానికి. లెవ్వలే. ఫౌజు సాబు బందూకుతోని కాల్చేసిండు. నేను సాయీసును. దినాం నా చేతుల శెనిగలు వోసుకొని పెడ్తుంటి. నా అడుగు చప్పుడు ఇంటె చెవులు నిలవెట్టేది. గా చేతిలనే దాని కూర తెచ్చి పెట్టిండ్రు. తిన్న. ఆకలి అట్లుంటది. గదొక్కటైతే మర్సిపోదును. రుచి ఉండె. గదే నా బాధ. మస్తు రుచి ఉండె."

భర్తీ అఫ్సరు కుర్చీలో కదిలాడు.

"మీకు అంజూర్లు పెట్టిన. అంగూరీ పోసిన. గిది పెట్టలే. దావత్ల గిది చెప్తే ఎవ్వలు తింటరు? సగం వడ్డించి మిమ్ముల లేపిన. ఇగ మిగిలింది గూడ వడ్డించిన. తినేటోళ్ళు తినుండ్రి. పోయేటోళ్ళు పోండ్రి."

తలపాగా తీసి, చేతులు జోడించి దిగిపోయాడు. శాంతి అనే మాట అతడు ఒక్కసారి కూడా అనలేదు. పక్కన ప్రధానోపాధ్యాయుడు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, "నా ప్రసంగాలన్నీ చించివేస్తాను," అన్నాడు నాతో.

వరుస వెంటనే చెదరలేదు. ఇట్లాంటివి కథలలో జరిగినట్లు జరగవు. ముందు ఒకడు దాహమని పక్కకు వెళ్ళాడు. మరొకడు ఎద్దులను చూసి వస్తానన్నాడు. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు కదలక నిలబడి కొలతలు ఇచ్చారు. వారు ఆ సాయంత్రం వెళ్ళారు కూడా. వారి ఇళ్ళలో ఏమి అవసరాలున్నవో నాకు తెలుసు. వారిని నేను తప్పుపట్టను. మా అల్లుడు మాత్రం అక్కడే ఉన్నాడు. ముందున్నవారు తప్పుకోగా అతడు బల్ల దాకా వచ్చాడు. కొలతల కర్ర అతని వీపుకు ఆనింది. రిసాలా మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

అతడు కర్ర కింద నిలబడి, తిరిగి మామ వైపు చూశాడు.

"మామా, గా గుర్రం పేరేంది?"

ముసలివాడు తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు పలకలేకపోయాడు. అల్లుడు కర్రను నెమ్మదిగా పక్కకు జరిపి, వరుస దాటి వచ్చి, మామ చేతిలోని తలపాగా తీసుకొని అతని తలకు చుట్టసాగాడు. చుట్టడం సరిగా రాక రెండుసార్లు విప్పాడు.

భర్తీ అఫ్సరు నా మీదికి వచ్చాడు.

"దారోగా సాబ్, ఇతడిని వెంటనే పట్టుకోండి!"

నేను చేతులు వెనక్కి కట్టుకొని, ఒక్కొక్క మాట తూచి చెప్పాను. "జనాబ్, సభ మీది. అనుమతి మీది. వక్తను పిలిచింది మీరు. విషయం భోజనమని ప్రకటించింది కూడా మీరే. అతడు విషయం దాటలేదు. మా శాఖకు సంబంధించినది మద్యం. ఈ రోజు అతడు మద్యం ఊసు ఎత్తలేదు. నిన్న మీరు పుచ్చుకున్న మూడవ గిన్నె గురించి విచారణ జరపమంటే సిద్ధంగా ఉన్నాను."

ఆయన ముఖంలో రంగులు మారినవి. కలుపుగోలు మనిషి కనుక, కాసేపటికి మామూలు రంగు వచ్చింది. అయినా పైకి ఫిర్యాదు చేశాడు. అది ఆయన ధర్మం. మా మొహతమీం, అంటే జిల్లా ఆబ్కారీ అధికారి, నన్ను పిలిపించి సంజాయిషీ అడిగాడు. నేను పైన చెప్పిన మాటలే చెప్పాను, మూడవ గిన్నె ఊసు తప్ప. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అంగూరీ ఎట్లా ఉంటుంది?" అని అడిగాడు. బాగుంటుందన్నాను. ఆ విషయం అంతటితో ముగిసింది. మరుసటి సంవత్సరం ద్రాక్ష పండని తాలూకాకు నన్ను బదిలీ చేశారు. శిక్ష సముచితమైనదే.

సంతరోజు సంగతికి మళ్ళీ వస్తాను. మామా అల్లుళ్ళతో పాటు నేనూ వారి ఇంటికి వెళ్ళాను. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. భర్తను చూసింది, తండ్రి తల మీద వంకరగా ఉన్న పాగాను చూసింది, నన్ను చూసింది.

"ఏంది నాయినా, యుద్ధం అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా."

"ఎవ్వలు గెలిచిండ్రు?"

ఆమె లోపలికి వెళ్ళి ఒక పెద్ద సద్దిమూట తెచ్చి గట్టు మీద దించింది. నువ్వుల రొట్టెలు, పల్లీల పొడి, ఊరమిరపకాయలు, బెల్లపు మలీదముద్దలు. "తెల్లారంగ లేసి మూడు దినాల తొవ్వకు గట్టిన. ఇగ దీన్ని ఎవ్వలు తింటరు? సర్కారోళ్ళా?" అని కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. అప్పుడు చూశాను, ఆమె ముందే ఏడ్చి ఉన్నదని.

కట్టిన సద్ది వృథా కావడం నాకు సహించదు. అంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఆ యువకుడు యుద్ధం కోసం వరుసలో నిలబడలేదు. దూరం కోసం నిలబడ్డాడు. వరుస వదిలినంత మాత్రాన ఆ కోరిక వదలదు. నా దౌరా బండి తోలే మనిషి మోకాళ్ళ నొప్పులతో పని మానుతానని నెల నుంచి చెబుతున్నాడు. నేను ఆ కొలువు అల్లుడికి ఇచ్చాను. మర్నాడు తెల్లవారగానే బయలుదేరాము: నేను, అతడు, వెనుక గడ్డిలో రిసాలా మామ, సద్దిమూట.

"మిసిరు పోతనంటి," అన్నాడు అల్లుడు పగ్గాలు పట్టుకొని. "మద్నూరు తీస్కవోతున్నరు సాబ్."

"మద్నూరుల జొన్నరొట్టె నువ్వు తినలే," అన్నాడు మామ వెనుక నుంచి. "తిన్నంక చెప్పు."

మంజీర ఒడ్డున ఎండ ఎక్కే వేళకు ఆగాము. కొత్తనీరు ఎర్రగా పారుతున్నది. నేను వరుసక్రమం ప్రకారం చాప పరిపించి, సద్ది విప్పి, రొట్టెలు మూడు భాగాలు చేసి, కూర్చోమన్నాను. మామ కూర్చున్నాడు. అల్లుడు కూర్చోలేదు. ఎడ్లను విప్పి, నీటి దగ్గరికి తోలుకెళ్ళి, తిరిగి తెచ్చి నీడలో కట్టి, గడ్డి వేసి, పక్కనే నిలబడ్డాడు. ఒక ఎద్దు ఏదో ఆలోచనలో ఉన్నట్లు తల ఎత్తి నది వైపు చూస్తున్నది.

"రారా, రొట్టె ఎండిపోతుంది," అని పిలిచాను.

అతడు వెనుదిరగకుండానే, ఎద్దు గంగడోలు నిమురుతూ, "ముందుగాల అవి గడ్డికి మూతి వెట్టనీ సాబ్," అన్నాడు.

రిసాలా మామ చేతిలోకి తీసుకున్న రొట్టెను మళ్ళీ ఆకులో పెట్టాడు. నేనూ పెట్టాను. ఎద్దు తల దించేదాకా ముగ్గురమూ ఆగి, ఆ తరువాత కడుపునిండా తిన్నాము.